అమ్మ పేరు రాసిన డబ్బా

పాలమూరు,
4 జూలై 2022.

పుష్పత్తకు,

నీ మేనకోడలు అనూహ్య రాసేది. నేనిక్కడ బాగున్నాను. అక్కడ నీ చెవులు తప్ప మిగతావన్నీ బాగున్నాయని తలుస్తాను.

మొన్న పక్కింటి సత్తమ్మ ఫోనులో నేను అరిచిన అరుపులకు హాస్టల్లో పక్క గదివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. నీకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. నలభై ఏళ్లు మగ్గం చప్పుడు విన్న చెవులాయె. చెవిటివాడి ముందు శంఖం ఊదే కంటే పోస్టు కవరు నయమని ఇలా రాస్తున్నాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక అట్టపెట్టె వస్తుంది. అందులో పన్నెండు చిన్న డబ్బాలుంటాయి. మన మగ్గాల వాడలో ఇంటికొకటి. లోపల గోరంత ఫిలిం ముక్క ఉంటుంది, మూత తీయొద్దు. నేను ల్యాబులో చేరిన దగ్గర్నుంచీ చేస్తున్న పని ఇదే. మన ఊరు బండ మీద కూర్చున్న ఊరు కదా. ఆ బండల్లోంచి రేడాన్ అనే వాయువు ఊరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయటికి వస్తే ఏటిగాలిలో కలిసి చెదిరిపోతుంది. మూసిన ఇంట్లో నిలుస్తుంది, పల్లంలో ఇంకా నిలుస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మనమేమో నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాం. గాలి తగిలితే పోగులు తెగుతాయని కిటికీలు మూస్తాం. దానికి పీటవేసి పిలిచినట్టే.

డబ్బాను మగ్గం గుంటలోనే కట్టాలి, నేలకు జానెడు ఎత్తున, కాళ్లకు తగలకుండా. నీలం దారాలు నేనే కట్టి పంపిస్తున్నాను. మూడు నెలలు ముట్టుకోవద్దు. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి. అక్టోబరులో మా ల్యాబు దయాకర్ సార్ వచ్చి తీసుకుపోతారు.

మన ఇంటి డబ్బా మీద ఇంటి నంబరు రాయాలి. నేను అమ్మ పేరు రాశాను. "రోజారమణి మగ్గం" అని. సార్ చూసి ఊరుకున్నారు.

అత్తా, ఒక సంగతి. ఎనిమిదేళ్ల కింద హైదరాబాదు దవాఖానలో అమ్మ పరీక్షల కాగితాలు చూసి డాక్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఇంట్లో బీడీ ఎవరు తాగుతారు?" నీ తమ్ముడు తల దించుకున్నాడు. నేను పదో తరగతి. ఆ తల దించుకోవడం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. అమ్మ గుంటలో కూర్చుని నేస్తుంటే ఆయన గట్టు మీద కూర్చుని కట్టలకు కట్టలు కాల్చేవాడు. అమ్మను తీసుకుపోయింది ఇల్లా, ఆయనా? నాకది తెలియాలి. అందుకే ఈ చదువులోకి వచ్చానని ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

నీ కోడలు,
అనూహ్య.


ఏటిగుండ్ల,
22 జూలై 2022.

చిరంజీవి అనూహ్యకు మేనత్త పుష్పమ్మ దీవించి రాయునది.

పెట్టె అందింది. పోస్టాయన దాన్ని ఊపి ఊపి చూసి, నా చెవి దగ్గరికి వచ్చి "గిండ్ల పటాకులు గిట్ల లేవు గదా పుష్పమ్మా?" అని అరిచాడు. నా కోడలు పంపిన గాలి డబ్బాలని చెప్పాను. గాలికి కూడా డబ్బాలొచ్చాయా అని నవ్వుకుంటూ పోయాడు.

నా రాత చూసి నవ్వకు. ఉత్తరమంటే పుస్తకం భాషలో ఉండాలని ఏడో తరగతిలో సోమన్న సారు వేళ్ల మీద కొట్టి నేర్పాడు. అప్పటినుంచి నోటికి ఒక భాష, చేతికి ఒక భాష. చదవడం కూడా అంతే. నా గొంతు నాకు వినపడాలని గట్టిగా చదువుతాను, వాడంతా వింటుంది. నీ ఉత్తరం అయిపోయాక సత్తమ్మ గోడ అవతలినుంచి "మల్లొక్కసారి సదువు, గా బండల గాలి ముచ్చట!" అంది. అందుకే పదకొండు ఇళ్లలో డబ్బాలు కట్టడం సులువైంది. పుల్లమ్మ ఒక్కతే దాన్ని దేవుని గూట్లో పెడతానంది. గుంటలో పెట్టాలే తల్లీ అని నేనే పోయి కట్టి వచ్చాను.

చివర నువ్వు రాసిన డాక్టరు సంగతి కూడా గట్టిగానే చదివేశాను. మీ బాపు మల్లేశం గడప దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నాడు. చూసుకోలేదు. రాట్నం ఆగింది. కాసేపటికి మళ్లీ తిరిగింది.

మన డబ్బాను మల్లేశం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. చదువు రానివాడు, పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. వేలు పెట్టి చూపించాను. దాన్ని భద్రంగా చూసుకుంటున్నాడు, రోజూ పొద్దున పంచె కొంగుతో తుడుస్తున్నాడు. నువ్వు ఫికర్ చేయకు.

"తిన్నదా అడుగు అక్కా" అన్నాడు. అడిగాను.

నీ అత్త,
పుష్పమ్మ.


పాలమూరు,
18 డిసెంబర్ 2022.

పుష్పత్తకు,

లెక్క వచ్చింది. నెలన్నర పట్టింది. ఫిలిం ముక్కను మందునీళ్లలో నానబెట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, రేడాన్ చేసిన గీతల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. మన ఇంటి ముక్కను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మూడుసార్లు లెక్కపెట్టాను.

అంకె వంద లోపు ఉంటే మేలు. మూడు వందలు దాటితే ఇంటికి ఏదో ఒకటి చేయాలి. సత్తమ్మ ఇంట్లో తొమ్మిది వందల నలభై. పుల్లమ్మ ఇంట్లో వెయ్యిన్ని ఇరవై. పదకొండు ఇళ్లలో ఒక్కటి కూడా అయిదు వందలకు తగ్గలేదు. ఆ పదకొండిళ్లకూ నేల కింద గొట్టం వేసి, ఫ్యాను పెట్టి ఆ గాలిని పైకప్పు మీదికి పంపే ఏర్పాటు చేస్తారు. అంతదాకా రోజుకు రెండు గంటలైనా కిటికీలు తెరవమని వాళ్లకు చెప్పు. పోగులు తెగితే ముడేసుకోవచ్చు.

మన ఇంట్లో నలభై ఆరు.

అవునత్తా, నలభై ఆరే. వాడ మొత్తంలో మంచి గాలి మన ఇంట్లోనే ఉంది. నీకు గొట్టం అక్కర్లేదు, నిశ్చింతగా గుంటలో కూర్చుని నేసుకో. ఒక్క ఇల్లు ఇలా ఎందుకుందో మళ్లీ పెట్టి చూద్దామన్నారు దయాకర్ సార్. ఇంకో మాట కూడా అన్నారు. ఈ అంకె ఇంటి సంగతి చెప్తుంది కానీ మనిషి ఎందుకు పోయిందో చెప్పదు అని. సార్ అలాగే అంటారు. మళ్లీ పెట్టాల్సిన అవసరం లేదన్నాను. నాకు తెలియాల్సింది తెలిసింది.

ఎనిమిదేళ్లు ఆయనను నిందించకుండా ఆగాను. మాట్లాడలేదు కానీ నోరు తెరిచి నువ్వే అనలేదు. ఏమో, ఇల్లేమో, దుమ్మేమో అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. అమ్మను తీసుకుపోయింది ఇల్లు కాదు, ఆయన బీడీ. ఆమె దగ్గుతుంటే కూడా గట్టు మీద నుంచి లేవలేదు. ముప్పై ఆరేళ్ల మనిషిని పొగబెట్టి చంపాడు.

రాసేశాను. ఏడుపు కూడా అయిపోయింది.

ఇది నీకు మాత్రమే రాస్తున్నాను. గట్టిగా చదవకు.

అనూహ్య.


ఏటిగుండ్ల,
8 జనవరి 2023.

చిరంజీవి అనూహ్యకు,

గట్టిగా చదవకు అని చివర రాశావు. ఆ మాట మొదట రాయాలి బిడ్డా.

నా తప్పే, నీ తప్పు కాదు. మన ఇంట్లో నలభై ఆరు అని రాగానే నాకు సంతోషం పట్టలేదు. సత్తమ్మకు వినపడాలని ఇంకా గొంతు పెంచాను. బండి పల్లానికి పోతున్నట్టు పోతూ ఆ మాట కూడా చదివేశాను. "పొగబెట్టి చంపాడు" దాకా వచ్చి తలెత్తితే మల్లేశం నా ముఖమే చూస్తున్నాడు. కండె చేతిలో ఉంది, నూలు జారిపోతూ ఉంది.

"లెక్క తప్పదు గదా అక్కా," అన్నాడు. "సదువుకున్న పిల్ల."

లేచి ఏటి దిక్కు పోయాడు. దీపం పెట్టే వేళకు వచ్చాడు. జారిన నూలంతా చిక్కు తీసి మళ్లీ చుట్టాడు. నేను తిట్టాను, నిన్ను కూడా తిట్టాను, దాచడం ఎందుకు. కన్నతండ్రిని అంత మాట అంటుందా అన్నాను. వాడు నన్నే కసిరాడు. "దానినేమనకు. అది గాకుంటే నన్ను ఎవలడుగుతరు?"

నీకో సంగతి చెప్పొద్దని ఇన్నాళ్లూ నా నోరు కట్టేశాడు. ఇవాళ రాసేస్తాను. మీ అమ్మ పోయిన రోజు పారేసిన బీడీ కట్ట మళ్లీ ముట్టలేదు. ఆ మాట పిల్లకు చెప్పనా అంటే "పోయినంక మానితే ఏమొచ్చె, ఉన్నప్పుడు మానాలె" అన్నాడు. అంతే, ఇంకేం లేదు.

సత్తమ్మ భయపడి కిటికీలు బార్లా తెరిచింది. పొద్దుటి నుంచి ఇరవై పోగులు తెగాయట. నన్ను చూసి "నీదేంది పుష్పమ్మా, మహారాణి ఇల్లు" అంటోంది. ఒకే బండ మీద మూడు ఇళ్లు, గోడకు గోడ. అయినా మన ఇల్లే మంచిదని నేనూ కాస్త గర్వపడ్డాను.

తిన్నదా అడుగు అన్నాడు. ఆ రోజు కూడా అడిగాడు.

పుష్పమ్మ.


పాలమూరు,
2 ఫిబ్రవరి 2023.

అత్తా,

విన్నాడు కదా. విననీ. ఒకరోజు వినాల్సిన మాటే.

పోయాక మానేయడం గొప్పా? నువ్వు తమ్ముడి పక్షమే మాట్లాడతావు, అది నాకు కొత్త కాదు. ఇక ఆయన సంగతులు నాకు రాయకు. తిన్నానో లేదో నీకు కావాలంటే నువ్వడుగు, చెప్తాను.

నీ ఒంట్లో బాగుందా? మొన్న ఫోనులో నీ దగ్గు వినపడింది, తగ్గిందా?

అనూహ్య.


ఏటిగుండ్ల,
9 జూలై 2023.

అనూహ్యకు,

నువ్వు వచ్చావు, మీ బాపు పాడె వెంట ఏటిగడ్డ దాకా నడిచావు, పదకొండో రోజు దాకా ఉన్నావు, పోయావు. ఇన్ని రోజుల్లో మనం ఇద్దరం మాట్లాడుకున్నది నాలుగు మాటలు. నా చెవులకు వినపడేలా ఆ మాటలు అరవలేకపోయావేమో. అందుకే రాస్తున్నాను.

జబ్బు చేసి మంచాన పడలేదు. ఆ పొద్దున కండెలు చుడుతూ ఛాతీ పట్టుకుని గోడకు ఒరిగాడు. సత్తమ్మ కొడుకు ఆటోలో మక్తల్ దవాఖానకు తీసుకుపోయాడు. దారిలోనే అయిపోయింది. నీకు ఫోన్ చేద్దామా అని ఆటోలో అడిగాను. చెయ్యి ఊపాడు. వద్దని ఊపాడో, చెయ్యమని ఊపాడో నాకు తెలియలేదు. ఆ చెయ్యి రోజూ గుర్తొస్తుంది.

చచ్చినోని కండ్లు చారెడు అంటారు. నేను వాణ్ని పొగడడం లేదు. బీడీ తాగాడు, నిజం. మీ అమ్మ దగ్గిన మొదటి ఏడు దుమ్ముతో వచ్చిన దగ్గు అని అందరితో పాటు వాడూ అనుకున్నాడు, అదీ నిజం. చదువు లేదు, ఎవరూ చెప్పలేదు. నేను కూడా ఆ ఇంట్లోనే ఉన్నాను కదా, నేనేం చెప్పాను?

నీ ఆ ఉత్తరం విన్నప్పటి నుంచి వాడికి మాట తగ్గింది. ఇంకేమీ మారలేదు. నువ్వు వద్దన్నావని నేను రాయలేదు కానీ, పోస్టాయన వచ్చిన ప్రతిసారీ "తిన్నదా" అనే అడిగేవాడు.

నీ పాత చెప్పులు ఇక్కడే మరిచిపోయావు. పంపించనా?

పుష్పమ్మ.


పాలమూరు,
2 ఆగస్టు 2023.

అత్తా,

చెప్పులు ఉండనీ. నేనే వస్తాను.

నిన్ను ఒకటి అడగాలి. ఉన్న పదకొండు రోజులూ అడగాలనుకుని అడగలేదు. ముందరి అర్రలో ఏటివైపు కిటికీ పక్కన అమ్మ ఫోటో ఉంది కదా. దాని పక్కన ఒక మేకు కొట్టి ఉంది. ఆ మేకుకు నీలం నైలాన్ దారం ముక్క వేలాడుతోంది. అది నేను కట్టిన దారం. డబ్బాల కోసం ఆ దారం నేనే కొన్నాను.

అత్తా, ఆ దారం అక్కడికెలా వచ్చింది?

ఊరి నుంచి వచ్చినప్పటి నుంచీ నిద్ర లేదు. పాత కాగితాలన్నీ తీశాను. ఎడమ గోడ అవతల తొమ్మిది వందల నలభై, కుడి గోడ అవతల వెయ్యిన్ని ఇరవై, నడుమ నలభై ఆరు. ఒకే బండ. ఇంకెవరి ఇంట్లోనైనా ఇలా వస్తే నేనే మొదట అనుమానించేదాన్ని. ఎక్కడ కట్టారని అడిగేదాన్ని. సార్ మళ్లీ పెడదామన్నప్పుడు నేనే వద్దన్నాను. నాకు కావాల్సిన అంకె వచ్చిందని వద్దన్నాను.

ఇంకో డబ్బా పంపిస్తున్నాను. దీని మీద ఎవరి పేరూ లేదు, నంబరు మాత్రమే ఉంది. గుంటలో నువ్వే కట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను, నిజం రాయి.

అనూ.


ఏటిగుండ్ల,
25 ఆగస్టు 2023.

అనూ,

నిజమే రాస్తున్నాను. నీ ఉత్తరం మనసులోనే చదువుకున్నాను. ఇప్పుడు గట్టిగా చదివినా వినేవాళ్లు గడప దగ్గర లేరు.

మొదటి రోజు నువ్వు చెప్పినట్టే గుంటలో కట్టాను. అది ఒక్క పూటే ఉంది. మధ్యాహ్నం నేను మగ్గం ఎక్కి తొక్కుతుంటే మల్లేశం వచ్చి నిలబడ్డాడు. నా కాళ్లు చూశాడు, డబ్బా చూశాడు. నా చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"అక్కా, రోజ పేరు నీ కాళ్లకాడ ఉన్నదే."

నిజమే కదా. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం. పోయిన ఇల్లాలి పేరు గుంటలో పెట్టి, దాని పక్కన కాళ్లాడిస్తూ మూడు నెలలు నేస్తామా? మరి పిల్ల అక్కడే కట్టమంది కదా అన్నాను. వాడు అప్పటికే ముడి విప్పుతున్నాడు. సగం దారం కోసి, ఫోటో పక్కన మేకు కొట్టి, కిటికీ ఊచల దగ్గర ఏటిగాలికి ఊగేలా కట్టాడు. ఎందుకురా అక్కడ అన్నాను.

"బతికినన్ని దినాలు నా పొగల కూసున్నది. గిప్పుడన్న జర గాలికి కూసోనీ అక్కా."

ఇదే జరిగింది. ఇంట్లో గాలి ఇంట్లోదే కదా, గుంట అయితేనేం, కిటికీ అయితేనేం అనుకున్నాను. గుంటలోనే ఎందుకు కట్టాలో నువ్వు రాశావు, నేనే చదివి వాడలో అందరికీ చెప్పాను. పుల్లమ్మను దేవుని గూట్లో పెట్టొద్దని నేనే ఆపాను. నా ఇంటికి వచ్చేసరికి ఆ బుద్ధి ఏమైందో తెలియదు. అక్టోబరులో మీ సారు వస్తున్నాడని తెలియగానే గబగబా తీసి గుంటలో కట్టాను, లెక్క చేయని పిల్ల పలక దాచినట్టు. తిడతాడని భయం, అంతే.

నలభై ఆరు అని వచ్చినప్పుడు కూడా నాకు తట్టలేదు. నీ ఉత్తరంలో ఆ దారం మాట చదివేదాకా తట్టలేదు. వాడికీ తట్టలేదు. మేకు కొట్టిన చేతితోనే తన మీద నేరం రాసుకున్నానని తెలియకుండానే పోయాడు. నువ్వు అన్నదే నిజమని నమ్మి పోయాడు.

పుస్తకం భాష ఇగ నాతోని కాదు బిడ్డా. సోమన్న సారు కొడితే కొట్టనీ. నేనొక్క మాట రాసుంటే అయిపోతుండె. డబ్బా కిటికికాడ ఉన్నది అని ఒక్క మాట. ఎన్ని ఉత్తరాలు రాసిన, పోస్టాయన ముచ్చట రాసిన, సత్తమ్మ పోగులు రాసిన, గా ఒక్కటి రాయకపోతి. నన్ను తిట్టు. వానిని తిట్టినట్టు నన్ను తిట్టు.

కొత్త డబ్బా గుంటల కట్టిన. ముట్టుకోలె. కిటికీలు మూసే నేస్తున్న, నువ్వు మామూలుగ ఉండుమన్నవు గదా.

పుష్పమ్మ.


పాలమూరు,
6 జనవరి 2024.

పుష్పత్తకు,

ఈసారి మొదటే రాస్తున్నాను. ఈ ఉత్తరం గట్టిగా చదువు. లోపలి అర్రలో కాదు, గడప దగ్గరికి వచ్చి, రాట్నం పక్కన కూర్చుని చదువు. నీకెంత గొంతుంటే అంత గొంతుతో చదువు. వాడంతా విననీ.

గుంటలో కట్టిన డబ్బా లెక్క వచ్చింది. వెయ్యిన్ని నూట ఎనభై. వాడ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ మన ఇంట్లోనే ఉంది. అమ్మ పద్దెనిమిదేళ్లు కూర్చున్న గుంట అది. నేను చిన్నప్పుడు ఆ గట్టు మీదే బొంత వేసుకుని పడుకునేదాన్ని. ఆయన కూర్చున్నదీ ఆ గట్టు మీదే.

మొదట నీ పని. సోమవారం దయాకర్ సార్, నేను వస్తున్నాం. గొట్టం, ఫ్యాను మన ఇంటికి కూడా పెడతాం. పోయిన ఏడాదే పెట్టాల్సింది, నేనే అక్కర్లేదని రాశాను. అంతదాకా నువ్వు గుంటలో కాలు పెట్టొద్దు. కిటికీలు తెరిచి పెట్టు. నేను మామూలుగా ఉండమన్నానని నువ్వు మూడు నెలలు కిటికీలు మూసి నేశావు. ఆ మాట చదివి నేను ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. నీ దగ్గుకు పాలమూరులో పరీక్ష చేయిద్దాం, మంగళవారానికి చీటీ తీసుకున్నాను. వద్దంటే వినను.

నిన్ను తిట్టమన్నావు. తిట్టను. ఆ డబ్బా మీద పేరు రాసింది నేను. నంబరు రాయమంటే అమ్మ పేరు రాశాను. అమ్మ పేరు రాసి, కాళ్ల దగ్గర కట్టమని పంపాను. మన ఇళ్లలో అలాంటి పని ఎవరూ చేయరని నాకు తట్టలేదు. ఎన్నేళ్లు బయట చదువుకున్నా ఆ ఇంటి పిల్లనే కదా, తట్టాల్సింది.

సార్ ముందే చెప్పారు, ఈ అంకె ఇంటి సంగతే చెప్తుందని. నలభై ఆరు వచ్చినప్పుడు ఆ మాట నాకు పట్టలేదు. వెయ్యిన్ని నూట ఎనభై వచ్చినప్పుడు మాత్రం ఎలా పట్టించుకోకుండా ఉంటాను? పొగ కూడా ఉంది, గాలి కూడా ఉంది, రెండూ కలిస్తే ఇంకా చెడ్డది. అమ్మ దేనివల్ల పోయిందో ఏ లెక్కా చెప్పదు. ఆయన కాదని చెప్పదు. ఆయనే అని కూడా ఏ లెక్కా చెప్పలేదత్తా. ఆ మాట చెప్పింది నేను.

ఇక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, రాట్నం వైపు తిరిగి చదువు. ఇకమీద రాసింది నీకు కాదు.

బాపూ.

తొమ్మిదేళ్లయింది ఈ మాట రాసి. గుంటల కట్టిన డబ్బా లెక్క వచ్చింది, అత్త చెప్పింది విన్నవు గదా. నువ్వు ఒక్కనివే కాదు బాపూ. గా మాట నేను తప్పు అన్న. నీ ముంగట అనకుండ ఉత్తరంల రాసిన, అది ఇంకా తప్పు. అమ్మకు గాలి తగలాలని నువ్వు కట్టిన దారం మేకుకు అట్లనే ఉన్నది. అత్తా, దాన్ని తీయకు.

పోస్టాయన వచ్చినప్పుడల్లా ఒకటి అడిగేటోనివి. నేను ఒక్కసారి గూడ జవాబు రాయలె.

తిన్న బాపూ. ఇప్పుడే తిన్న.

అనూ.